ఈ వారం సర్కారు తరఫున, వచ్చే వారం ముద్దాయి తరఫున

లండన్ శివారులో స్నేర్స్‌బ్రూక్ క్రౌన్ కోర్టు అని ఒకటుంది, పెద్ద నేరాలు విచారించేది. అక్కడ ఒక దోపిడీ కేసులో ప్రాసిక్యూషన్ తరఫున నిలబడి, సీసీటీవీలో కనిపిస్తున్నది ఈ ముద్దాయేనని జ్యూరీకి (తీర్పు చెప్పడానికి మామూలు జనం నుంచి ఎంచిన పన్నెండుమందికి) నచ్చజెప్పిన బారిస్టర్, మరుసటి వారం వుడ్ గ్రీన్ క్రౌన్ కోర్టులో ఇంకో ముద్దాయి పక్షాన లేచి, "ఇంత మసక వీడియో చూసి మనిషిని జైలుకు పంపిస్తారా?" అని అడగొచ్చు. అక్కడ దీన్ని ఎవరూ వింతగా చూడరు. ఇంగ్లండ్, వేల్స్‌లో క్రిమినల్ కేసులు చూసే చాలామంది బారిస్టర్ల పని ఇలాగే నడుస్తుంది.

మనకు ఇది కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. మన కోర్టుల్లో పీపీ, అంటే సర్కారు తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఎప్పుడూ పీపీయే, డిఫెన్స్ లాయరంటే డిఫెన్స్ లాయరే. ప్రభుత్వం మారితే పీపీలు, జీపీలు (గవర్నమెంట్ ప్లీడర్లు) మారిపోవడం చూసి చూసి అలవాటైపోయింది. ఆ కళ్లతో చూస్తే, రెండు వైపులా వాదించే మనిషికి నీతీ నియమం లేదేమో అనిపిస్తుంది. నా లెక్కలో మాత్రం ఆ వ్యవస్థలో అన్నిటికంటే గట్టి సంగతి ఇదే. దాని వెనక ఏముందో చెప్పాలంటే ముందు అక్కడ ఎవరు ఏ పని చేస్తారో చూడాలి.

ఇంగ్లండ్‌లో లాయర్లు ప్రధానంగా రెండు రకాలు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లేది, క్లయింట్‌తో మాట్లాడి ఫైలు తయారుచేసేది సొలిసిటర్. పెద్ద కోర్టులో నిలబడి వాదించేది ఎక్కువగా బారిస్టర్. మన దేశంలో 1961 అడ్వకేట్స్ చట్టం అందరినీ ఒకే గాటన కట్టి అడ్వకేట్లను చేసింది. అంతకుముందు మనకూ ఈ తేడాలుండేవి. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగానే సంపాదిస్తున్న టంగుటూరి ప్రకాశం 1904లో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లింది అందుకే. ఆ స్థాయి ప్లీడరుకు హైకోర్టులో వాదించే హక్కు లేదు, బారిస్టరుకు ఉంది.

బారిస్టర్ కావాలంటే లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అనే నాలుగు సంఘాల్లో ఒకదానిలో చేరాలి. చదువయ్యాక ఒక ఏడాది ప్యూపిలేజ్, అంటే సీనియర్ దగ్గర శిష్యరికం. మొదటి ఆరు నెలలు వెనక కూర్చుని చూడడం, రాసుకోవడం. తర్వాతి ఆరు నెలలు చిన్న చిన్న కేసుల్లో తానే లేచి మాట్లాడడం. ఆ తర్వాత చాలామంది ఎవరి దగ్గరా ఉద్యోగం చేయరు. కొంతమంది కలిసి ఛాంబర్స్ అనే ఆఫీసు పెట్టుకుంటారు, అద్దె పంచుకుంటారు, కేసులు పంచి డైరీ చూసుకోవడానికి క్లర్కులను పెట్టుకుంటారు. ఈ క్లర్కును మన గుమస్తాలా అనుకుంటే పొరపాటే. రేపు ఏ కోర్టులో ఎవరి తరఫున నిలబడాలో సాయంత్రం ఫోన్ చేసి చెప్పేది ఆయనే. ఒకే ఛాంబర్స్‌లో పక్క పక్క గదుల్లో కూర్చునే ఇద్దరు ఒకే కేసులో ఎదురెదురుగా నిలబడడం మామూలే.

సర్కారు వైపు చూస్తే, 1986 దాకా ఇంగ్లండ్‌లో మామూలు కేసులను కోర్టుకు తెచ్చి నడిపించింది పోలీసులే. దర్యాప్తు చేసినవాళ్లే కేసూ నడిపితే తప్పులు బయటపడవని 1985లో చట్టం చేసి క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ పెట్టారు. ముఖ్యమైన కేసుల్లో అభియోగం మోపాలా వద్దా అన్నది ఈ సంస్థే తేలుస్తుంది. చూసేవి రెండు: శిక్ష పడేంత సాక్ష్యం ఉందా, ఉంటే కేసు నడపడం ప్రజలకు అవసరమా. సంస్థకు సొంత లాయర్లున్నా, క్రౌన్ కోర్టు ట్రయల్స్‌లో చాలావాటిని బయటి బారిస్టర్లకే అప్పగిస్తుంది. కాగితాల కాలంలో సర్కారు బ్రీఫ్‌కు, అంటే బారిస్టర్‌కు పంపే కేసు కాగితాల కట్టకు, తెల్ల రిబ్బను, మిగతా వాటికి గులాబీ రిబ్బను కట్టి పంపేవారు. బల్ల మీద రెండు రంగులూ ఉంటేనే డైరీ బాగున్నట్టు లెక్క. ఇప్పుడు ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోనే.

"వాడు చేశాడని తెలిసీ ఎలా వాదిస్తారు?" అన్న ప్రశ్న క్రిమినల్ లాయర్లను పెళ్లిళ్లలో కూడా వదలదు. ఇంగ్లండ్ బారిస్టర్ల దగ్గర దీనికి మొదటి జవాబు ఒక రూలు, క్యాబ్ ర్యాంక్ రూల్. స్టాండులో ముందున్న ట్యాక్సీ వచ్చిన బేరాన్ని వద్దనకూడదన్నట్టే, తనకు తెలిసిన రంగంలో కేసు వచ్చి, తీరిక ఉండి, ఫీజు సరైనదైతే బారిస్టర్ కాదనడానికి లేదు. మనిషి నచ్చలేదనో, నేరం అసహ్యంగా ఉందనో, ఊరు తిడుతుందనో తప్పుకోకూడదు. ఈ పట్టుదలకు 1792 నాటి కథ ఒకటి చెబుతారు. ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ రాసినందుకు రచయిత థామస్ పెయిన్ మీద రాజద్రోహ రాతల కేసు పెట్టారు. పెయిన్ తరఫున వాదించొద్దని థామస్ ఎర్స్‌కిన్ అనే బారిస్టర్‌కు చాలామంది చెప్పారు. ఎర్స్‌కిన్ అప్పటికి యువరాజుకు అటార్నీ జనరల్, అంటే పెద్ద న్యాయ సలహాదారు. వినకుండా వాదించాడు, కేసు ఓడిపోయాడు, పదవీ పోయింది.

మన బార్ కౌన్సిల్ నియమాల్లోనూ దాదాపు ఇదే రూలుంది. ఆచరణే అంతంతమాత్రం. ఘోరమైన నేరం జరగ్గానే "ఈ ముద్దాయి తరఫున మాలో ఎవరూ వాదించం" అని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం మనకు కొత్త కాదు. 2019లో దిశ ఘటన తర్వాత ఇక్కడి న్యాయవాదుల సంఘాలు కొన్ని ఆ మాటే అన్నాయి, జనం చప్పట్లు కొట్టారు. ఇలాంటి తీర్మానాలు చెల్లవని, ఇవి వృత్తి ధర్మానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే, ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో, తేల్చి చెప్పింది. క్యాబ్ ర్యాంక్ రూలు ముద్దాయిని ఎంత కాపాడుతుందో లాయర్నీ అంతే కాపాడుతుంది. "నీకెందుకయ్యా వాడి కేసు?" అని అడిగితే "నా వంతు వచ్చింది" అంటే సరిపోతుంది.

క్లయింటే తప్పు ఒప్పుకుంటే? 1840లో లండన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. లార్డ్ విలియం రస్సెల్ అనే పెద్దాయనను నిద్రలో గొంతు కోసి చంపారు. పనివాడు కూర్వోసియే మీద కేసు. డిఫెన్స్ బారిస్టర్ చార్లెస్ ఫిలిప్స్. విచారణ మధ్యలో, దొంగిలించిన వెండి సామాను ఒక హోటల్లో దాచిన సంగతి బయటపడింది. ఆ రోజు కూర్వోసియే ఫిలిప్స్‌ను పిలిచి చంపింది తానేనని ఒప్పుకున్నాడు, అయినా చివరిదాకా తన తరఫున వాదించాల్సిందేనన్నాడు. ఫిలిప్స్‌కు ఏం చేయాలో పాలుపోలేదు. తప్పుకుందామా అనుకుని, బెంచి మీదున్న జడ్జీల్లో ఒకరైన బారన్ పార్క్‌ను అడిగాడు. తప్పుకోవద్దు, సాక్ష్యంలోని లోపాలన్నీ చూపించు అన్నాడాయన. ముద్దాయికి ఉరిశిక్ష పడింది. ఫిలిప్స్ చేసింది సరైనదేనా అన్న గొడవ మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. వాదించినందుకు ఆయనను తప్పుపట్టినవాళ్లు కొందరే. అసలు నింద వేరే: నిజం తెలిసీ ఇంకెవరో చేసి ఉండొచ్చన్నట్టు జ్యూరీతో మాట్లాడాడని.

ఈ రోజు గీత అక్కడే గీశారు. క్లయింట్ ఒప్పుకున్నాక కూడా బారిస్టర్ సాక్షులను ప్రశ్నించొచ్చు, "ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది" అనొచ్చు. "నా క్లయింట్ ఆ రాత్రి వేరే ఊళ్లో ఉన్నాడు" అనకూడదు, ఆ మాట చెప్పడానికి సాక్షిని బోనెక్కించకూడదు. క్లయింట్ చెప్పిన రహస్యం బయటపెట్టడానికి వీల్లేదు, కోర్టును మోసం చేయడానికీ వీల్లేదు. ఈ రెంటి మధ్య నిలబడడం కుదరకపోతే కారణం చెప్పకుండా తప్పుకోవాలి. రుజువు చేసే భారం మొదటి నుంచి చివరిదాకా ప్రాసిక్యూషన్‌దేనని 1935లో వూల్మింగ్టన్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పాక ఈ గీత ఇంకా స్పష్టమైంది.

నిజానికి డిఫెన్స్ పనిలో సగం కోర్టు హాల్లో కనిపించదు. కింద సెల్లో, ఇనుప తలుపు వెనక, పావుగంటలో మనిషికి చేదు నిజం చెప్పాలి. "చూడు బాబూ, నీ ఫోన్ ఆ వీధిలోనే ఉంది, నీ రక్తం ఆ తలుపు మీద ఉంది. ఇప్పుడే ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు దాకా తగ్గుతుంది. ట్రయల్ మొదలైన రోజున ఒప్పుకుంటే పదో వంతే. నిర్ణయం నీది." ఈ లెక్క అక్కడి శిక్షల మార్గదర్శకాల్లోనే ఉంది. చేయలేదని గట్టిగా చెప్పేవాణ్ని ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు, చేసినవాడికి లేనిపోని ఆశలు పెట్టకూడదు.

ఇంత చెప్పాక కూడా, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ప్రాసిక్యూషన్ కుర్చీయే. డిఫెన్స్ బారిస్టర్ తన క్లయింట్‌ను గెలిపించడానికి ఒళ్లు వంచొచ్చు. ప్రాసిక్యూట్ చేసే బారిస్టర్‌కు ఆ స్వేచ్ఛ లేదు. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదని అక్కడి కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. శిక్ష ఖరారు చేసే రోజున "కఠినంగా శిక్షించండి" అని ఆవేశపడరు. ఏ మార్గదర్శకం వర్తిస్తుందో జడ్జికి చూపించి కూర్చుంటారు. పీపీ ఎలాగోలా శిక్ష వేయించే మనిషి కాకూడదని మన సుప్రీంకోర్టు కూడా 1999లో శివ్ కుమార్ కేసులో చెప్పింది. చెప్పడం వేరు, పోలీసులూ బాధితుల కుటుంబమూ మీడియా చూస్తుండగా పాటించడం వేరు.

రెండు వైపులా పనిచేసిన అనుభవం ఎక్కడ అక్కరకొస్తుందో చూడడానికి ఒక కేసు ఊహించుకుందాం. రాత్రి పదకొండుకు పబ్బు బయట కత్తిపోటు. చూసింది ఒకే ఒక్క యువతి, రోడ్డు అవతల బస్టాపులో ఉంది. ఆమె వాంగ్మూలం స్పష్టంగా ఉంది: వాణ్ని చూశాను, గుర్తుపట్టాను. వట్టి ప్రాసిక్యూటర్ బుద్ధితో చదివితే కేసు గట్టిదే. డిఫెన్స్ చేసిన మనిషి అదే కాగితం చదువుతూ ఆగిపోతాడు. ఎంత దూరం? వెలుతురు ఎంత? ఎన్ని సెకన్లు చూసింది? మధ్యలో అడ్డం ఏమైనా వచ్చిందా? అంతకుముందు అతను తెలుసా? 1976లో టర్న్‌బుల్ కేసు తర్వాత ఇలాంటి సాక్ష్యం ఉంటే జడ్జి ఈ ప్రశ్నలన్నీ జ్యూరీ ముందు పెట్టి, నిజాయితీ గల సాక్షి కూడా పొరబడొచ్చని హెచ్చరించాలి. సీసీటీవీ చూస్తే పదకొండు గంటల రెండు నిమిషాలకు బస్టాపు ముందు బస్సు ఆగింది. వాంగ్మూలంలో బస్సు మాటే లేదు.

అనుభవం ఉన్న ప్రాసిక్యూటర్ ఆ బస్సును దాచడు. తన సాక్షిని తానే అడుగుతాడు: "అప్పుడు రోడ్డు మీద ఏమైనా వాహనాలు ఉన్నాయా?" తన సాక్షి నోట్లో జవాబు పెట్టే ప్రశ్నలు వేయకూడదు కాబట్టి ప్రశ్న అంతే ఉంటుంది. "ఒక బస్సు వచ్చింది. నేను పక్కకు జరిగి చూశాను." ఆ మాట జ్యూరీ ముందే వినేసింది. ఇక డిఫెన్స్ లేస్తుంది. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగొచ్చు.

"మీరు బస్టాపులో ఉన్నారు."

"అవును."

"గొడవ రోడ్డు అవతల."

"అవును."

"పక్కకు జరిగానన్నారు. ఈ మాట పోలీసులకు చెప్పలేదు?"

"...వాళ్లు అడగలేదు."

"బస్సు ఉన్నంతసేపూ అవతలి వైపు మీకు పూర్తిగా కనిపించలేదు."

"కొంచెం కనిపించింది."

మన దగ్గర చాలామంది ఇక్కడ ఆపేసి, మిగతాది ఆర్గ్యుమెంట్లలో చూసుకుందాం అనుకుంటారు. ఇంగ్లండ్‌లో అలా వదిలేయడానికి లేదు. తన కేసు ఏమిటో సాక్షి ముఖం మీదే చెప్పాలి: "మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. మీరు చూసిన మనిషి ఇతను కాదు." దానికి ఆమె ఏమంటుందో జ్యూరీ వినాలి. 1893 నాటి బ్రౌన్ వర్సెస్ డన్ తీర్పు నుంచి వచ్చిన పద్ధతి ఇది. మన కోర్టుల్లో సాక్షికి సజెషన్లు వేయడం కూడా ఈ చెట్టు కొమ్మే. అయితే మన దగ్గర అవి తరచూ "తప్పు", "నిజం కాదు" అని టైపు చేయించే తంతుగా మిగిలిపోతాయి.

ఈ సాక్షి చిన్నపిల్లో, లైంగిక దాడి బాధితురాలో అయితే పద్ధతి వేరు. చిన్నపిల్లల విషయంలో ప్రశ్నలు ముందే రాసి జడ్జికి చూపించమంటారు, చాలాసార్లు క్రాస్‌ను ట్రయల్‌కు ముందే వీడియోలో రికార్డు చేస్తారు. బాధితురాలి గత సంబంధాల గురించి అడగాలంటే 1999 చట్టం ప్రకారం జడ్జి అనుమతి కావాలి. సాక్షిని ఏడిపించినవాడే గొప్ప లాయరనే సినిమా లెక్క అక్కడ పాతబడింది.

ప్రాసిక్యూషన్ బరువంతా చివరికి ఒకచోట పడుతుంది. పోలీసుల దగ్గరున్న, కేసులో వాడని సరుకు. 1996 చట్టం ప్రకారం అందులో ప్రాసిక్యూషన్‌ను బలహీనపరిచేదో, డిఫెన్స్‌కు పనికొచ్చేదో ఉంటే బయటపెట్టాలి. ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే స్టెఫాన్ కిష్కో కేసు చూడాలి. ఇంకంటాక్స్ ఆఫీసులో గుమస్తా. పదకొండేళ్ల పాపను చంపాడని 1976లో లీడ్స్‌లో 10-2 మెజారిటీతో జ్యూరీ దోషిగా తేల్చింది. పాప బట్టల మీద దొరికిన వీర్యంలో శుక్రకణాలున్నాయి. కిష్కోకు శుక్రకణాలు తయారయ్యే అవకాశమే లేదని అతని నమూనా చెప్పింది. ఆ సంగతి డిఫెన్స్‌కు చేరలేదు. ట్రయల్ మొదలైన రోజు పొద్దున వేల పేజీల వాడని సరుకు డిఫెన్స్ చేతికి వచ్చినా వాళ్లు వాయిదా అడగలేదు. పైగా అతను చేయలేదంటూనే, చేసి ఉంటే మానసిక స్థితి బాగోలేక అని ఇంకో వాదన కూడా పెట్టారు. పదహారేళ్ల తర్వాత, 1992లో, విడుదలయ్యాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. అసలు హంతకుడికి 2007లో శిక్ష పడింది. కిష్కో డిఫెన్స్ బారిస్టర్ డేవిడ్ వాడింగ్టన్ తర్వాత దేశ హోం మంత్రి అయ్యాడు. ప్రాసిక్యూట్ చేసిన పీటర్ టేలర్, కిష్కో బయటికొచ్చిన ఏడాదే అక్కడి ప్రధాన న్యాయమూర్తి, లార్డ్ చీఫ్ జస్టిస్, అయ్యాడు. ఇద్దరూ ఆ తరంలో ఆరితేరినవాళ్లే. కాగితం చేరాల్సిన చోటికి చేరకపోతే ఎంత పెద్ద లాయరుండీ ఏం లాభం?

2017 డిసెంబరులో క్రాయ్‌డన్ క్రౌన్ కోర్టులో దీనికి పూర్తి వ్యతిరేకం జరిగింది. ఒక విద్యార్థి మీద రేప్ కేసు, రెండేళ్లుగా బెయిల్ మీద ఉన్నాడు. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఫోన్‌లో పనికొచ్చేదేమీ లేదని పోలీసులు అంటూ వచ్చారు. ట్రయల్ ముంగిట కేసు చేతికొచ్చిన ప్రాసిక్యూషన్ బారిస్టర్, ఆ ఫోన్ డేటా ఎక్కడుందని అడిగి డిఫెన్స్‌కు ఇప్పించాడు. డిఫెన్స్ బారిస్టర్ రాత్రంతా కూర్చుని పదుల వేల మెసేజ్‌లు చదివింది. ఆరోపణకు ఏమాత్రం పొసగని మెసేజ్‌లు అందులో కనిపించాయి. ప్రాసిక్యూషన్ తానే కేసు వదిలేసుకుంది. తర్వాత పోలీసులు, ప్రాసిక్యూషన్ సర్వీస్ అతనికి క్షమాపణ చెప్పాయి. ఆ ఫోన్ డేటా అడిగిన ప్రాసిక్యూషన్ బారిస్టర్ దశాబ్దాలుగా రెండు వైపులా పనిచేసినవాడు. డిఫెన్స్ ఏం వెతుకుతుందో తెలిసినవాడికే ఆ ప్రశ్న తడుతుందని నేను అనుకుంటాను.

మన దగ్గర పోలీసులు ఆధారపడని పత్రాల జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో క్రిమినల్ ట్రయల్స్ లోపాల మీద ఇచ్చిన ఆదేశాల్లో చెప్పింది. జాబితా చూసి ఏ కాగితం అడగాలో పోల్చుకునే తీరిక, ముందుచూపు లీగల్ ఎయిడ్ (పేద ముద్దాయికి సర్కారు ఖర్చుతో లాయరు) మీద వచ్చే జూనియర్‌కు ఎంతవరకు ఉంటాయన్నది వేరే ప్రశ్న.

డబ్బు దగ్గర ఇంగ్లండ్ కథ కూడా అంత గొప్పగా లేదు. విగ్గు, నల్లగౌను చూసి అందరూ కోటీశ్వరులనుకుంటారు. కంపెనీల కేసులు చూసే బారిస్టర్ల సంగతి అది. క్రిమినల్ వైపు కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి మూడేళ్లలో ఖర్చులు పోను చేతికందేది ఏడాదికి సుమారు 12,200 పౌండ్లేనని వాళ్ల సంఘం చెప్పింది. అంత దగ్గర కనీస వేతనమే నయం. ఫీజు కేసును బట్టి ముందే ఖరారై ఉంటుంది.  2022 సెప్టెంబరులో వాళ్లు నిరవధిక సమ్మెకు దిగారు. గౌన్లతో కోర్టు మెట్ల మీద నిలబడిన ఫొటోలు అప్పట్లో మన పేపర్లలో కూడా వచ్చాయి. లీగల్ ఎయిడ్ ఫీజులో 15 శాతం పెంపును అప్పటికే నడుస్తున్న కేసుల్లో చాలావాటికి కూడా ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నాక అక్టోబరులో విరమించారు.

అప్పటికే చాలామంది క్రిమినల్ పని వదిలేశారు. క్రౌన్ కోర్టుల్లో పేరుకుపోయిన కేసులు 2019 చివర్లో 38 వేల చిల్లర ఉంటే, 2025 నాటికి 75 వేలు దాటాయి. భారం తగ్గించడానికి కొన్ని రకాల కేసుల్లో జ్యూరీ లేకుండా ఒక జడ్జి, ఇద్దరు మేజిస్ట్రేట్లు కలిసి విచారిస్తే సరిపోతుందని 2025 జూలైలో సర్ బ్రయాన్ లెవెసన్ నివేదిక సిఫార్సు చేసింది. బారిస్టర్లు దీని మీద గట్టిగానే మండిపడుతున్నారు. ఈలోగా కొన్ని ట్రయళ్లు సాక్షులు వచ్చి, జడ్జి సిద్ధంగా ఉండి కూడా వాయిదా పడుతున్నాయి. ప్రాసిక్యూట్ చేయడానికో, డిఫెండ్ చేయడానికో ఆ రోజుకు బారిస్టర్ దొరకడం లేదు.